కాలుతున్న కచ్చేరిల తాళం తీసిన సామేలు

మల్లాపూర్ పక్క పల్లెల పుట్టిన సామేలుకు గుంటెడు భూమి లేదు. నైజాం కాలంల వాళ్ల తాత కచ్చేరి ముందట అధికారుల గుర్రాలకు గడ్డి ఏసి వెట్టి చేసిండు. ఆయనను ఎన్నడూ గడప లోపల కాలు పెట్టనియ్యలేదు. అందుకే సామేలు అదే కచ్చేరిల చప్రాసీ అయిననాడు వాళ్ల వాడంత సంబురపడ్డది.

జగిత్యాలకు, కోరుట్లకు నడుమ రోడ్డు మీదనే ఉండేది ఆ కచ్చేరి. రాతి గోడలు, టేకు దూలాలు, పైన గూనపెంక, ఎనుక దిక్కు చిన్న జైలుగది. సామేలు పొద్దుగాల్నే ఊడ్చి, కుండలల్ల నీళ్లు నింపి, సార్ల కోసం వాకిట్ల నిలబడేటోడు. ఇంట్ల కన్న ఆడనే ఎక్కువుంటవని భార్య లక్ష్మవ్వ నవ్వేది.

అరవై తొమ్మిదిల తెలంగాణ కావాలని లొల్లి లేచింది. బడులు బందైనయి, బస్సులు బందైనయి. ఎండకాలం ఒక పగటిపూట కచ్చేరి మీదికి జులూసు వచ్చింది. పోలీసులు లాఠీలు ఎత్తిండ్రు, గుంపు రాళ్లు అందుకున్నది. సార్లు ఎనుక గోడ దుంకి పోయిండ్రు. జైలుగది కాపలోళ్లు గూడ తాళంచెవి గోడకు తగిలేసి ఉరికిండ్రు. ఎవలు పెట్టిండ్రో ఇయ్యాల్టికీ తెల్వది గని, ముందటి అర్రల మంట లేచి దూలాలకు అంటుకున్నది.

సామేలు గూడ బయటికే ఉరికిండు. గేటు దాటినంక లోపటికెల్లి మనిషి కేక ఇనబడ్డది. జైలుగదిల ఇద్దరున్నరని అప్పుడు యాదికచ్చింది. ఒకాయన కోరుట్ల జలపతి, కాలేజీ చదివినోడు. బస్సులు ఆపిండని పట్టుకచ్చిండ్రు. ఇంకొకాయన ఐలయ్య, నడుము వంగిన గీత కార్మికుడు. పర్మిట్ లేని చెట్టు గీసిండని పెట్టిండ్రు.

సామేలు గోనెసంచి తడిపి నెత్తిన కప్పుకొని మళ్ల లోపలికి పోయిండు. తాళంచెవి నిప్పు లెక్కనే ఉన్నది. అరచేతి తోలు ఊడినా ఇడువక తలుపు తీసిండు. జలపతి దుంకి, గోడ దాటి కనబడకుంట పోయిండు. ఐలయ్యను సామేలు భుజాన ఏసుకొని తెచ్చిండు. అప్పటికే పొగ మింగిన ముసలాయన రోడ్డు వార పండబెట్టినంక పానం ఇడిచిండు. వాళ్ల ఎనుకనే కప్పు కూలింది.

తెల్లారి పోలీసులు సామేలును పట్టుకపోయిండ్రు. ఖైదీలను ఇడిపించనీకే తగలబెట్టిండన్నరు. కాలిన చెయ్యినే సాక్ష్యం చేసిండ్రు.

లక్ష్మవ్వ కోరుట్లకు నడిచిపోయి, సుట్టాలింట్ల దాక్కున్న జలపతిని ఎట్లనో పట్టుకున్నది. జరిగింది జడ్జీ ముందట చెప్పుమని బతిమాలింది.

"నేనస్తే జైలు తప్పిచ్చుకపోయిన్నని నన్నే లోపలేస్తరక్కా."

"ఆయన రాకుంటె నువ్వు ఆడనే కాలిపోదువు గద తమ్మీ."

జలపతి లేచి లోపలి అర్రలకు పోయిండు. కొడుకు కాడనే ఉంటున్న జలపతి తల్లి లక్ష్మవ్వకు మంచినీళ్లిచ్చి, ఆమె తాగినంక తలుపేసుకున్నది.

శానా నెలలకు కేసు నిలబడక సామేలును ఇడిచిపెట్టిండ్రు. కొలువు మాత్రం మళ్ల రాలేదు. నువ్వు పని చేసినట్టు ఉన్న కాయితాలన్ని మంటల్లనే పోయినయి, మేమేం చేస్తమని కొత్త సార్లు అన్నరు. ఆయన యాడాదిదాక తిరిగిండు. గప్పటికి చేతి వేళ్లు ముడుసుకపోయినయి, చీపురు గూడ పట్టలేకపోయిండు.

ఆలుమగలు సిరిసిల్లకు పోయిండ్రు. బట్ట నేసే సాంచల కాడ నూలు మూటలు ఈపున మోసి బతికిండు సామేలు. తెలంగాణ అప్పుడు రాలేదు. అయినా కచ్చేరి తగలబెట్టిన మొగోడని పనోళ్లు ఆయనకు చాయ తాపి, ఆ చెయ్యి పట్టుకొని చూసేటోళ్లు. నేను పెట్టలేదు, తలుపు తీసిన గంతే అంటే, భయపడి దాస్తున్నడని నవ్వేటోళ్లు. కొన్నేండ్లకు సామేలు చెప్పుడు మానిండు. ఎవలన్న చెయ్యి అడిగితే ఊకెనే చాపేటోడు.

దమ్ము పట్టి, ఊపిరాడక ఒక వానకాలం ఆయన సిరిసిల్ల పక్కన తంగళ్లపల్లి కాడి కిరాయింట్ల పానం ఇడిచిండు. మట్టి ఇయ్యనచ్చినోళ్లు ఆ మంట ముచ్చటనే చెప్పుకున్నరు. ఐలయ్య పేరు ఒక్కలన్న ఎత్తలేదు.