పుక్కెడు నీళ్ళు

హెడ్మిస్ట్రెస్ గారి ఇస్త్రీ చీర మీద పుక్కెడు నీళ్ళు పడ్డాయి. ఆవిడ చేసిన తప్పల్లా, చిన్నపిల్లల గదిలోకి వచ్చి బల్ల ముందు కూర్చున్న బుజ్జిని "నీ పేరేంటమ్మా?" అని అడగడం. జవాబు చెప్పబోయింది బుజ్జి నాయనమ్మ. కాకపోతే ఆవిడ నోటినిండా అప్పటికే నీళ్ళున్నాయి.

ఆ నీళ్ళు పోయించింది మాటల టీచరు. మాటలు ఆలస్యమైన పిల్లల చేత నోరు విప్పించడం ఆవిడ ఉద్యోగం కనుక బడిలో ఆ పేరే స్థిరపడింది. ఆవిడ నలుగురు అక్కల తర్వాత పుట్టింది. వాళ్ళు మాట్లాడ్డం అయ్యేసరికి ఈవిడ వంతుకు మాటలు మిగిలేవి కావు. చాలాకాలం మూగపిల్లే అనుకున్నారట. అందుకేనేమో, ఎవరి మాట వాళ్ళే ఆడాలని ఆవిడ పంతం. ఇంట్లో భర్త కళ్ళజోడు కోసం తడుముకుంటుంటే, అది తన చేతిలోనే ఉన్నా ఆయన నోరు తెరిచి అడిగేదాకా ఇవ్వదు.

బడిలోనూ అదే పద్ధతి. పిల్లల బూటు తన చేతికి తొడుక్కుంటుంది, మూత బిగించిన డబ్బా ముందు పెడుతుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఆగుతుంది. అడగాల్సిన అవసరం పుడితేనే మాట పుడుతుందంటుంది. నాలుగేళ్ళ బుజ్జికి ఆ అవసరం ఎన్నడూ కలగలేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. కానీ పిల్ల కనుబొమ్మ ఎగరేస్తే చాలు, "దాహమట", "బొమ్మ కావాలట" అంటూ నాయనమ్మ అందించేది. ఆవిడ పక్కన లేకపోతే బుజ్జి ఒకటే ఏడుపు. ఉంటేనా, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"నువ్వుగింజ వద్దులెండి, నీళ్ళు నానబెడదాం" అని గ్లాసు చేతికిచ్చింది టీచరు.

చీర తుడుచుకున్నాక హెడ్మిస్ట్రెస్ ఖరాఖండీగా చెప్పేసింది: ఏడాది చివరికి పిల్ల నోరు విప్పకపోతే పై తరగతికి పంపేది లేదు, వేరే బడి చూసుకోవాల్సిందే. ఈ పుక్కిలి వైద్యం కూడా కట్టిపెట్టమంది. టీచరు బుద్ధిగా తలూపింది. మర్నాడు నాయనమ్మ కుర్చీని గుమ్మానికి దూరంగా జరిపి, పక్కన బకెట్టు పెట్టి, మళ్ళీ గ్లాసు అందించింది.

"మనవరాలికి మాటలు వచ్చేలోపు నాకు పోయేట్టున్నాయమ్మా" అని వాపోయింది నాయనమ్మ.

"మీవి ఎక్కడికీ పోవు పిన్నిగారూ, పుక్కిట పట్టండి."

నెలలు గడిచాయి. పరీక్షల రోజులు వచ్చేశాయి. ఒకనాడు టీచరు సబ్బు బుడగలు ఊది, సీసా మూత గట్టిగా బిగించి, బుజ్జి ముందు పెట్టి ఆగింది. బుజ్జి నాయనమ్మ వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేసింది. నాయనమ్మ బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి, కళ్ళలోనూ నీళ్ళే, అయినా తల అడ్డంగా ఊపింది. బుజ్జి సీసాను తిప్పి చూసింది, కొరికి చూసింది. టీచరు ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోలేదు.

"తియ్యి" అంది బుజ్జి.

నాయనమ్మ గుటుక్కున నీళ్ళు మింగేసింది. టీచరు పెద్దగా సంబరపడకుండా, అది రోజూ జరిగేదే అన్నట్టు మూత తీసి ఊదింది. బుడగలు అయిపోగానే "మళ్ళీ" అని వినిపించింది.

బుజ్జి పై తరగతికి వెళ్ళింది. తల్లిదండ్రుల సమావేశం అయిన మర్నాడు హెడ్మిస్ట్రెస్ మాటల టీచర్ని గదికి పిలిపించింది.

"నిన్న నేను మాట్లాడ్డం మొదలెట్టి ఇంకా గంటన్నా కాలేదు. మీ బుజ్జి గ్లాసు పట్టుకుని స్టేజీ ఎక్కి, అంతమంది ముందూ నాతో 'నోట్లో పోసుకో' అంటుందా! ఇదేనా మీరు నేర్పింది?"

"పోసుకున్నారా మేడమ్?" అని అడిగింది మాటల టీచరు.