మా బావకు నచ్చని పాట

మా బావ గత గురువారం పొద్దున పోయారు. ఆయన మా ఆవిడకు అన్న. నాచారంలో మా ఎదురింట్లోనే ఉండేవారు. టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నవారు మళ్ళీ లేవలేదు. నొప్పి లేదు, దవాఖానా లేదు. నిండు జీవితం కనుక డప్పులతోనే సాగనంపాము.

ఆయన గురించి రాయాలంటే నా కొడుకు గురించి రాయక తప్పదు. వాడు పగలు ఇక్కడి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాడు, సాయంత్రాలు మా డాబా మీద పంక్ పాటలు పాడతాడు. పంక్ అంటే మీలో తెలియనివాళ్ళు ఉంటారు. రెండు గిటార్లు, డ్రమ్ములు, గొంతు చిరిగేలా అరుపు. బస్సు రాలేదని కోపం, నల్లా రాలేదని కోపం, రెండు నిమిషాల్లో పాట ఖతం. అందరికంటే ముందు నిలబడి అరిచేవాడు మావాడే.

బావకు దేనిమీదైనా ఒక అభిప్రాయం ఉండేది. హోటల్లో ఇడ్లీ తింటే వంటమనిషిని పిలిచి మరీ చెప్పేవారు. మావాడు గొంతెత్తగానే గేటు దగ్గరికి వచ్చేవారు.

"అరేయ్ అల్లుడూ, నిన్నెవడన్న కొడుతున్నడారా?"

"నువ్వే వచ్చి విడిపియ్ మామా."

ఈ ముచ్చట వినడానికి మా ఆవిడ పొయ్యి తగ్గించి మరీ బయటికి వచ్చేది.

పోయినేడాది కొందరు పిల్లలు మావాడి మీద డాక్యుమెంటరీ తీసి, ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో వేశారు. గోడంత తెర మీద నా కొడుకు మొహం కనబడుతుంటే నా కాళ్ళు భూమ్మీద ఆనలేదు. ఎప్పటిదాకా పాడతావని అందులో వాణ్ణి అడిగారు. "మా మామకు నచ్చేదాంక. ఆయనకు నచ్చిన్నాడు బంద్ జేస్త" అన్నాడు. హాలంతా నవ్వింది. బావ నవ్వలేదు.

సినిమా అయ్యాక చూసినవాళ్ళకు మైకు ఇచ్చారు. ఒక అమ్మాయి ఏడ్చానంది. నేను పనిచేసిన ఫ్యాక్టరీ పాత ఫోర్‌మన్, పాటలకంటే మధ్యలో చూపించిన నాచారం బస్సు బాగుందన్నాడు. మా ఇంటి ఓనరమ్మ, "గంత మంచి సిన్మాల పోరని షర్టుకు ఇస్త్రీ లేకపాయె" అని బాధపడింది. నాకు అన్నీ పొగడ్తల్లాగే వినిపించాయి. మైకు బావ దగ్గరికి వస్తే వద్దని చెయ్యి ఊపారు. మావాడి మొహం చిన్నబోయింది. వాడు ఎదురుచూసింది ఆ ఒక్కరి మాట కోసమే.

మర్నాడు నేనే వెళ్ళాను.

"మనసు నొచ్చిందా బావా? పోరడు మజాక్ జేసిండు."

ఆయన తలుపు దగ్గరకు వేశారు. "మస్తు నచ్చింది బావా. ఫోన్‌ల ఏయించుకొని మళ్ల సూసిన."

"మరి వానికి చెప్పరాదు?"

"చెప్తే బంద్ జేస్తనన్నడు గద. మాట మీద నిలబడే పోరడు. నువ్వు గూడ నోరిప్పకు."

నేను ఒట్టు పెట్టాను. ఆ తర్వాత బావ తిట్లు ఇంకా పెంచారు. చెవిలో దూది పెట్టుకుని అందరికీ కనబడేలా నిలబడేవారు. ఒకసారి దగ్గరికి వెళ్ళి చూశాను. దూది ఒక్క చెవిలోనే ఉంది, మా ఇంటివైపు చెవి ఖాళీ. నా కొడుకును తిట్టి తిట్టి పాడించిన మనిషి ఆయన.

ఆయన పోయాక మావాడు మైకు ముట్టలేదు. "ఒక్కసారన్న మంచిగుంది అనకపాయె నాయినా" అన్నాడు. నా ఒట్టు ఇక నిలవలేదు. అంతా చెప్పేశాను. వాడు మొహం తుడుచుకున్నాడు.

"అయితే ఇప్పుడు బంద్ జెయ్యాల్నా?"

"మీ మామ నీతోని అన్నడా? నాతోని అన్నది లెక్కల రాదు" అన్నాను.

నిన్న సాయంత్రం డాబా ఎక్కాడు. మొదటి అరుపుకే కరెంటు వైర్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. ఎదురింటి గడప మీద అక్క, అంటే మా బావ భార్య, దినం వంటకు బియ్యం చెరుగుతోంది. తలెత్తి చూడలేదు. పాట వేగం అందుకుంది. ఆమె చేతిలో చాట కూడా వేగం అందుకుంది. బియ్యం ఎగిరెగిరి పడుతున్నాయి.