కిరికిరి ఐలయ్య, చిలకైన రాజు

సిరిసిల్ల ఐలయ్యకు ఒక జబ్బు ఉండేది. కథ అనేది ఏదైనా సరే, అది కుదరదని నిరూపిస్తే గానీ ఆయనకు అన్నం సయించేది కాదు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మనిషి. ఒక్క పోగు తప్పితే గజం దూరం నుంచి పట్టేస్తాడు. కథల మీద కూడా అదే చూపు. పోగు ఎక్కడ తప్పిందా అని కాచుకుని కూర్చుని, దొరకగానే "గిదెట్ల కుదురుతది?" అని లేచి నిలబడేవాడు. ఊరంతా ఆయనకు కిరికిరి ఐలయ్య అని పేరు పెట్టింది. ఆయన దానికి నొచ్చుకున్న పాపాన పోలేదు.

ఒకసారి వాడలో ఒగ్గుకథ పెట్టించారు. రాక్షసుడు తొమ్మిది బండ్ల బువ్వ తిన్నాడని కథకుడు ఇలా అన్నాడో లేదో, ఐలయ్య లేచాడు.

"తొమ్మిది బండ్ల బువ్వకు గంజి ఏడ వార్చిన్రు?"

డోలు ఆగిపోయింది. "గంజి సంగతి మా తాతలు చెప్పలేదన్నా" అన్నాడు కథకుడు బిక్కమొహం వేసి. మరుసటి ఏడు నుంచి ఆ మేళం వాళ్ళు గజ్జెలు కట్టుకునే ముందు "ఐలయ్య ఊళ్ళె ఉన్నడా?" అని అడిగి మరీ కట్టుకునేవారు.

ఎదురుగా అడగడానికి మనిషి దొరకకపోతే పోస్టుకార్డు రాసేవాడు. సినిమాలో హీరో నదిలో దూకి పొడి జుట్టుతో బయటికి వచ్చాడని టాకీసు మేనేజరుకు కార్డు రాశాడు. "అయ్యా, నేను టికెట్లు చింపేవాడిని, సినిమా నేను తీయలేదు" అని ఆ మేనేజరు జవాబు రాశాడు, పాపం. ఆ జవాబులో కూడా ఐలయ్య రెండు తప్పులు పట్టాడు.

ఇలాంటి మనిషికి అన్న కోడలై వచ్చింది ఊర్మిల. రెండిళ్ళకూ వాకిలి ఒక్కటే. ఇటు గదుల్లో ఊర్మిల, అత్త లసుమవ్వ. అటు గదుల్లో ఐలయ్య, ఆయన భార్య సత్యవ్వ. ఊర్మిల భర్త యాదగిరి మస్కట్‌లో ఉండేవాడు. రెణ్ణెల్లకోసారి క్యాసెట్లో తన గొంతు నింపి పంపేవాడు. "అందరు మంచిగున్నరా? నేను మంచిగున్న. పైలం." ఏ క్యాసెట్ పెట్టినా అవే మూడు మాటలు. నాలుగో క్యాసెట్ విన్న రోజు ఊర్మిలకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత కథ వచ్చింది.

ఒక రాజును మంత్రగత్తె చిలకను చేసేస్తుంది. ఆ చిలకకు మూడే మాటలు వచ్చు. నలభై ఏళ్ళ రాణి పంజరం చంకన పెట్టుకుని, అడవి దాటి, మంత్రగత్తె కోటకు బయలుదేరుతుంది. పిల్లల కథ అనుకునేరు, కాదు. రాణికి మోకాళ్ళ నొప్పులు, తలలో తెల్ల వెంట్రుకలు, మనసులో ఎవరికీ చెప్పుకోలేని ఒక సంగతి. రాజు చిలకైన దగ్గర్నుంచి ఆమెకు హాయిగా నిద్ర పడుతోంది.

ఈ కథ 'చిలకైన రాజు' అనే పేరుతో ఒక వారపత్రికలో సీరియల్‌గా రావడం మొదలైంది. రచయిత్రి పేరు నీలాంబరి. ఊర్మిలే నీలాంబరి అని ఇంట్లో ఒక్కరికీ తెలియదు. చెప్పుకునే రోజులు కావవి. ఒకవైపు అడవిలో నక్సలైట్ అన్నలు, ఒకవైపు పోలీసులు. మధ్యలో కలం పట్టినవాళ్ళంటే చాలు, ఏం రాస్తున్నావు, ఎవరికి రాస్తున్నావు అని ఆరాలు. అత్తకు తెలిస్తే గుండె ఆగుతుందని ఊర్మిల భయం. అందుకని అచ్చుకు పంపే కవరు ఐలయ్య చేతికిచ్చేది. ఎలాగూ ఆయన రోజూ కార్డులు పట్టుకుని పోస్టు డబ్బా దాకా పోతాడు కదా.

"ఏంది బిడ్డా, గింత లావున్నది కవరు?" అన్నాడాయన మొదటిసారి.

"పదబంధం మామా. నింపి పంపితే బహుమతి ఇస్తరట."

పదబంధం అంటే గళ్ళలో అక్షరాలు నింపే, అరచేతిలో పట్టే కాగితం ముక్క. ఆ కవరులో ఉన్నవి ఇరవై కాగితాలు. "మంచిగ నింపు బిడ్డా" అని ఐలయ్య దాన్ని తీసుకుపోయి డబ్బాలో వేసి వచ్చాడు. ఊర్మిల బతుకు జీవుడా అనుకుంది.

ఎనిమిదో వారం పత్రికలో సీరియల్ కింద చిన్న గడి కట్టి వేశారు. 'ఈ నవలపై పాఠకుల స్పందన కరువైంది. ఇలాగే ఉంటే మరో నాలుగు వారాల్లో ముగించక తప్పదు. – సంపాదకుడు.'

ఊర్మిలకు ఆ రోజు ముద్ద దిగలేదు. రాణి ఇంకా సగం అడవి కూడా దాటలేదు. నాలుగు వారాల్లో అడవి, ఏరు, కోట, మంత్రగత్తె అన్నీ కావాలంటే ఆ మోకాళ్ళతో పరుగెత్తాలి. ఊర్మిలకు పేరు వద్దు, బహుమతి వద్దు. ఆమె కోరిక ఒక్కటే. రాణి తన నడక తాను నడిచి కోట చేరాలి. అంతే.

పదో వారం ఉత్తరాల పేజీలో బాంబు పేలింది.

'చిలక రోజుకు ఆరు జామపండ్లు తిన్నదని రాశారు. చిలక బరువెంత? జామపండు బరువెంత? ఇదెలా కుదురుతుంది? – సత్తయ్య, జగిత్యాల.'

ఊర్మిల మండిపడింది. ఇంట్లో ఒక ఐలయ్య చాలడని జగిత్యాలలో కూడా ఒకడు తయారయ్యాడా అనుకుంది. ప్రతి ఊరికీ ఒకడు ఉంటాడు కాబోలు!

ఆ పై వారం జవాబు వచ్చింది.

'జామపండ్లు లెక్కపెట్టే సత్తయ్యకు. రాణి మోకాళ్ళ నొప్పి ఎప్పుడన్నా లెక్కపెట్టావా? మొగుడు చిలకైతే రాణి రోజూ ఏడ్వాలని ఎవరు చెప్పారు? పనిలో పడితే మనిషి గుర్తుకు రాడు. అది పాపం కాదు. – లీల, కోరుట్ల.'

ఆ ఉత్తరాన్ని ఊర్మిల పదిహేడుసార్లు చదివింది. కత్తిరించి ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య దాచుకుంది. లోకంలో తనను అర్థం చేసుకున్న మనిషి ఒకామె ఉంది, కోరుట్లలో ఉంది. ఎప్పటికైనా వెతికి పట్టుకుని, పక్కన కూర్చుని ఒక పూటంతా మాట్లాడాలనుకుంది.

ఇక యుద్ధమే. ఇబ్రహీంపట్నం భూమన్న సత్తయ్య పక్షం చేరాడు. 'రాణి అడవిలో చెరుకు విరుచుకు తిన్నదట. అడవిలో చెరుకు నాటింది ఎవరు?' అని ముత్యంపేట ఆగయ్య నిలదీశాడు. లీల ఒక్కతే అందరికీ జవాబు చెప్పింది. నాలుగు వారాలన్న గడువు దాటిపోయింది, ఎనిమిదైంది, సీరియల్ ఆగలేదు.

అదే రోజుల్లో ఐలయ్యకు భక్తి ముదిరింది. ప్రతి గురువారం పొద్దున్నే మొదటి బస్సెక్కేవాడు.

"యాడికి?" అని అడిగేది సత్యవ్వ.

"కొండగట్టు. అంజన్నకు మొక్కున్నది."

"అంజన్నకు మంగళారం పోతరు, శనారం పోతరు. గురువారమేంది?"

"అన్నిటికి కిరికిరి పెట్టకే!" అని కసురుకుని వెళ్ళిపోయేవాడు. ఐలయ్య నోట ఆ మాట విని వాడంతా విస్తుపోయింది.

ఒక గురువారం సత్యవ్వ వేములవాడలో చెల్లెలింటికి వెళ్ళింది. ఊర్మిల బియ్యం ఏరుతుంటే ఒక బస్సు కండక్టరు పరుగున వచ్చాడు. "కోరుట్ల తొవ్వల పోలీసోళ్ళు బస్సు ఆపి సోదా చేసిన్రు. మీ ఐలయ్యను దించుకున్నరు!"

ఆ రోజుల్లో ఆ మాటకు ఇంట్లో పొయ్యి ఆరిపోయేది. దించుకున్నవాళ్ళు ఎప్పుడొస్తారో, ఎట్లా వస్తారో చెప్పలేని కాలం. లసుమవ్వ నెత్తి బాదుకుంది. ఊర్మిల చాట అక్కడే పడేసి, అత్త చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

ఠాణాలో ఎస్సై బల్ల మీద తొమ్మిది కార్డులు పేకముక్కల్లా పరిచి ఉన్నాయి. ఎదురుగా బెంచీ మీద ఐలయ్య, తువ్వాల ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

"తొమ్మిది పేర్లు, మూడు ఊర్లు, ఒకటే చేతిరాత" అన్నాడు ఎస్సై. "అన్నిట్ల అడవి, కోట, రాణి. కోట ఎప్పుడు కూలుతదని ఒకదాంట్ల అడిగిండు. రాణి ఎవరు? చిలక ఎవరు? మూడు గంటలసంది అడుగుతున్న, చెప్పడు."

"చిలక అంటే చిలకే సార్" అన్నాడు ఐలయ్య.

"కథ అంటున్నడు. రాసేటోళ్ళెవరో చెప్పుమంటే తెల్వదంటడు. తెలుసని మొఖం మీదనే ఉన్నది."

ఊర్మిల కార్డుల వైపు చూసింది. సత్తయ్య, జగిత్యాల. భూమన్న, ఇబ్రహీంపట్నం. లీల, కోరుట్ల. అన్నీ ఐలయ్య గుండ్రటి అక్షరాలే. కోరుట్లలో లీల లేనే లేదు. కానీ ఏడవడానికి అది సమయం కాదు. తన పేరు బయటపెట్టకుండా ఈ ముసలాయన మూడు గంటలు పోలీసుల ముందు నోరు కట్టుకుని కూర్చున్నాడు.

"ఆ కథ నాది సార్. నేనే రాస్తున్న" అంది.

లసుమవ్వ నోరు తెరిచింది. ఐలయ్య బెంచీ మీంచి ఎగిరి లేచాడు. "అబద్ధం సార్! గామెకు పదబంధం నింపుడు తప్ప ఏం రాదు!"

ఎస్సై ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నీదే అయితే వచ్చే వారం ఏమైతదో చెప్పు. తడుముకోవద్దు."

ఊర్మిల చెప్పడం మొదలుపెట్టింది. రాణి ఏటి ఒడ్డుకు వచ్చింది. పడవ నడిపేవాడు మంత్రగత్తె మనిషి. నువ్వు గానీ, పంజరం గానీ, ఒక్కటే ఎక్కాలంటాడు. రాజును వదిలిపోతే రాణి బతికిపోతుంది. చిలక ఆ మూడు మాటలే అంటోంది. రాణి ఒడ్డున కూర్చుని తన పెళ్ళినాటి నుంచీ తలుచుకుంటోంది. కానిస్టేబుళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకి చేరారు. చాయ్ తెచ్చినవాడు గ్లాసులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"గిదెట్ల కుదురుతది?" అన్నాడు ఐలయ్య ఉండబట్టలేక. "ఇద్దర్ని మొయ్యని పడవ ఉంటదా? అసలు చిలక బరువెంత?"

"నువ్వు నోరు ముయ్యవయ్యా!" అని గర్జించాడు ఎస్సై. "చెప్పమ్మా, నువ్వు చెప్పు."

"రాణి లేచింది. పంజరం తలుపు మీద చెయ్యి వేసింది..." ఊర్మిల ఆగింది.

"తర్వాత?"

"వచ్చే వారం సార్."

ఎస్సై పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని ఐలయ్య వైపు తిరిగాడు. "మరి నీకీ తొమ్మిది పేర్లు ఎందుకయ్యా?"

"ఎవరు రాస్తలేరు, కథ ఆపుతమని పత్రికల ఏసిన్రు సార్. పొగుడుకుంట రాస్తే ఎవడు సదువుతడు? కొట్లాట అయితే నలుగురు చేరుతరు. గందుకని నాతోని నేనే కొట్లాడిన. అన్నిటి మీద సిరిసిల్ల ముద్ర పడితే దొరుకుత గద, గందుకే ఊరూరు తిరిగి ఏసిన."

ఎస్సై కార్డులు దగ్గరికి తీసి ఆయన చేతికిచ్చాడు. "పో. పోయి డబ్బాల ఎయ్యి. రాణి ఏమైందో తెల్వకుంట ఆపితే నేనే రాస్త ఒక కార్డు."

బస్టాండు దాకా లసుమవ్వ ఒకటే గొడవ. "ఇంట్ల ఉండి నాకొక్క ముక్క చెప్పవైతివి! సరే గని, గా చిలకను మల్ల మనిషిని చేస్తవా, లేదా?"

బస్సులో లసుమవ్వ కునుకు తీశాక ఊర్మిల మెల్లగా అడిగింది. "నీకు ఎప్పటిసంది ఎరుక మామా?"

"మొదటి కవరు సంది. పదబంధానికి ఇరవై కాయితాలా? గిదెట్ల కుదురుతది బిడ్డా?"

"మరి అడగకపోతివి?"

"అడిగితే రాసుడు ఆపుతవని."

జీవితంలో ఐలయ్య అడగకుండా మింగిన శంక అదొక్కటే. ఊర్మిలకు కళ్ళు నిండాయి. సంతోషంతో పాటు లోపల ఒక ముల్లు కూడా ఉంది. "అయితే నన్ను సదివింది నువ్వొక్కనివే అన్నట్టు. లీల గూడ నువ్వే."

"లీల నేను గాదు."

"రాత నీదే గద!"

"రాత నాది, మాట మీ చిన్నత్తది" అన్నాడు ఐలయ్య కిటికీ వైపు తిరిగి. "నేను సదువుతుంటే నూలు కండెలు చుట్టుకుంట ఇంటది. నేను తప్పు వడితే నా మీదికి లేస్తది. గవే మాటలు రాసిన. నువ్వని ఆమెకు తెల్వది. నేను పన్నెండేండ్లు ఆమెను ఈడ్నే ఇడిసిపెట్టి బొంబాయి దిక్కు భీవండిల సాంచెలు నడిపిన గద. గప్పుడు తిట్టని తిట్లన్ని నీ చిలకను అడ్డం పెట్టుకోని ఇప్పుడు తిడుతున్నది."

ఊర్మిల నవ్వింది. బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వింది.

ఇల్లు చేరేసరికి పత్రిక నుంచి ఉత్తరం వచ్చి ఉంది. 'అమ్మా, సత్తయ్య, లీల గార్ల తగవు పుణ్యమా అని రెండు వందల నలభై ఉత్తరాలు వచ్చాయి. బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వింటున్నారట. సత్తయ్య, లీల, భూమన్నల రాత ఒక్కటేనని మొదట్లోనే కనిపెట్టాం. తిట్లు బాగున్నాయని అచ్చు వేశాం. సీరియల్ మీ ఇష్టం వచ్చినన్ని వారాలు రాయండి. తర్వాత పుస్తకం వేస్తాం. లీల గారు ఎవరో మీకు తెలిస్తే, ముందుమాట ఆమె చేతనే రాయించండి.'

ఆ ఉత్తరం పట్టుకుని మర్నాడు ఊర్మిల వాకిలి దాటింది. సత్యవ్వ అప్పటికే ఊరి నుంచి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. సంగతంతా విన్నది. చేతిలో కండె అలాగే ఉండిపోయింది.

"నువ్వా? గా రాణిని రాసింది నువ్వానే?" అని ఊర్మిల చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది. "నాకు రాయరాదు గదనే, ముందుమాట ఎట్ల రాయాలె?"

"నువ్వు చెప్పు చిన్నత్తా. నేను రాస్త."

సత్యవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని, ఫొటో దిగేదానిలా నిటారుగా కూర్చుంది. గడప దగ్గర ఐలయ్య గొంతు సవరించుకున్నాడు. "ముందుమాట అంటే ముందుగాల..."

"నువ్వు జరంత ఊకో. పన్నెండేండ్లు నేను ఊకున్న" అంది సత్యవ్వ. ఐలయ్య ఊరుకున్నాడు.

"రాసుకో బిడ్డా. రాణి తప్పు ఏం లేదు. అన్నిటికంటె ముందుగాల గది రాయి."

ఊర్మిల రాసింది.