ఒకపక్కకు కుంగిన బండి

మా చిన్నమ్మ పోయిందని మొన్న పామిడి నుంచి ఫోను వచ్చింది. చేసినవాడు ఆమె కొడుకే. "నిద్రలోనే పాయ. ఎవురికీ కష్టం పెట్టలే" అన్నాడు. ఊరు ఆమెకు పెట్టిన కష్టం మాట ఎత్తలేదు.

చిన్నాయన ఇంటి పక్కనే షెడ్డులో జీపులు, కార్లు బాగుచేసేవాడు. కొలత టేపు రెండో కొన చిన్నమ్మ పట్టుకునేది. ఆయన పోయాక షెడ్డు మూతపడినా ఆమె చూపు మారలేదు. వాళ్లింట్లో ఉండి చదువుకున్న నాకూ కుంగిన బండిని గుర్తుపట్టడం నేర్పింది. బండిని చదునైన చోట నిలపాలి, బరువు దించాలి, టైర్లలో గాలి సరిచూడాలి. అప్పుడు ప్రతి చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచుదాకా కొలిచి, రెండు పక్కల కొలతలు పోల్చాలి. "ఊరికే కుంగదమ్మీ. యాడో ఏదో విరిగింటాది" అనేది.

తొంభైల చివర్లో ఎదురింటి టాక్సీ ఆయన కారు వెనక ఎడమపక్క కుంగింది. చిన్నమ్మ కొలిచి, కమానులో, అంటే చక్రం మీది స్ప్రింగులో, పట్టీ పగిలిందేమో చూపించమంది. ఆయన షాకబ్జర్లు మార్పించుకొచ్చాడు. కారు లేవలేదు.

"షాకబ్జరు ఊపును ఆపుతాదన్నా. బరువు మోసేది కమాను. ఇట్లే తిప్పితే మనిషి పోతాడు" అంది.

ఆ వారమే ఉరవకొండ దోవలో పట్టీ విరిగి కారు బోల్తా పడింది. ఆయన భార్య అక్కడికక్కడే పోయింది.

"నీ నోటి మాట తగిలే నా పెండ్లాం పాయ" అన్నాడాయన, మా గడప ముందు నిలబడి. వీధిలో ఒక్కరూ కాదనలేదు. ఆ తర్వాత ప్రయాణం పోయేవాళ్లు చిన్నమ్మ బయట లేదని చూసుకొని బండి తీసేవాళ్లు. బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. కొడుకు షెడ్డు మళ్లీ తెరిచినాక, "అమ్మా, నువ్వు నోరు మూసుకుంటేనే నాకు గిరాకీ వస్తాది" అన్నాడు. ఆమె మూసుకుంది.

కొన్నేండ్లకు నేను ఆమెను చూడడానికి పోయినప్పుడు, మా వీధి పెండ్లి జీపు గాలి పట్టించుకోడానికి షెడ్డు దగ్గర ఆగింది. అందరూ దిగినా వెనక కుడిపక్క లేవలేదు. గడపలో కూర్చున్న చిన్నమ్మ దాన్ని చూసింది. నన్ను చూసింది. తల దించుకుంది.

నేనే పోయి డ్రైవరుకు చెప్పాను. అతను కిందికి దూరి, పగిలిన పట్టీని వేలితో తడిమి బయటికొచ్చాడు.

"దేవునిమాదిరి చెప్పినావు తల్లీ" అంది పెండ్లికూతురి తల్లి, నా చేతులు పట్టుకొని.

"నేను కాదు. చూసింది మా చిన్నమ్మ" అన్నాను.

ఆ తల్లి నా చేతులు వదిలేసింది. కొంగు తీసి కూతురి ముఖం కప్పి, అటువైపు తిప్పింది.

చిన్నమ్మ మెల్లగా లేచింది. లోపలికి పోయి, తలుపు ఒక రెక్క, దాని మీదికి రెండో రెక్క చప్పుడు కాకుండా మూసుకుంది.