ఆమె భుజం

నైజాం పాలన చివరి రోజుల్లో ఒకసారి సిద్దిపేటలో కరీంనగర్ బస్సెక్కాను. అంతకు ఏడాది ముందు పట్నం దవాఖానలో, గడ్డ లేచిందని నా కుడి రొమ్ము తీసేశారు. తర్వాత ఆ పక్క చెయ్యి మొద్దులా వాచింది. అంటురోగమని భయపడి ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టేవారు కాదు. నేను కొంగు కప్పి దాచుకునేదాన్ని.

బస్సు కుదుపుకు కొంగు జారితే, పక్కన కూర్చున్న పెద్దావిడ చూసింది.

“రొమ్ము కోసిన్రా, చెల్లె?” అంది మెల్లగా. “నేను దవాఖానల ఆయాగ చేస్త. గిసొంటి చేతులు మస్తు చూసిన.”

తల ఊపాను.

“గట్ల కిందికి ఏలాడెయ్యకు, ఎత్తు మీద పెట్టు. పిడికిలి మూసుకుంట తెరుసుకుంట ఉండు. పని ఇడ్వకు, బరువులు మాత్రం ఎత్తకు.”

“బస్సుల ఏడ పెట్టాలె అక్కా?”

ఆమె నా చేతిని తీసుకుని తన భుజం మీద వేసుకుంది. వాచిన తర్వాత ఆ చేతిని ముట్టిన మొదటి మనిషి ఆమె. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆమె భుజం కదపలేదు.

బెజ్జంకి దారి దగ్గర దిగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

ఆమె చెప్పినట్టే చేశాను. వాపు పూర్తిగా పోలేదు కానీ, నా జడ మళ్లీ నేనే వేసుకోగలిగాను. ఇంట్లో అన్ని భుజాలుండేవి, ఒక్కదాన్నీ అడగలేదు. రోజూ వడ్లబస్తా మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చునేదాన్ని.