అరవని వాళ్లకూ సూది

1974 ఆగస్టులో ఒక గురువారం సంగారెడ్డి దవాఖానలో నేను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ముగ్గురు పిల్లలు, ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం. పొత్తికడుపు మీద ఒకటిన్నర అంగుళాల కోత, పావుగంట పని అన్నారు. ఆ రోజు మేము ఐదుగురం. వరసలో నేను మూడోదాన్ని.

పూర్తిగా మత్తు ఇచ్చేవారు కాదు. కోసే చోట మాత్రం తిమ్మిరి సూది వేసేవారు. కుట్లు వేసే ముందు గాయం అంచుల్లో అదే మందు ఇంకోసారి వేస్తే, ఆ తర్వాత గంట దాకా నొప్పి తెలియదని మా బడిలో సైన్సు టీచరు చెప్పింది. ఆమె హైదరాబాదులో చేయించుకుని వచ్చింది. ఆ రెండో సూది లేకుండా కుట్లు వేయించుకోకూడదని నేను ఇంటి దగ్గరే అనుకున్నాను.

మొదటి ఆమె కేకలు పెట్టింది, రెండో సూది వేశారు. తర్వాతి ఆమె జిన్నారం వైపు కూలి మనిషి. కిక్కురుమనలేదు. ఆమెను మంచం మీదికి చేరుస్తూ నర్సు మెచ్చుకుంది.

"గట్టి మనిషి! సూది గూడ అడగలే."

పావుగంట తిరక్కముందే ఆ గట్టి మనిషి కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

"ఆమెకు రెండో సూది ఎందుకెయ్యలే సిస్టరమ్మా?" అని అడిగాను.

"ఒర్రెటోళ్లకు, కేకలు పెట్టెటోళ్లకు ఏస్తం. ఓర్సుకునేటోళ్లకు దండుగ గదా."

నర్సు చేతి పళ్లెంలో పొద్దున్నే చూశాను: మూడు సీసాలు, ఒక్కొక్కటి ముప్పై సీసీలు. తొంభైని ఐదుగురికి పంచితే మనిషికి పద్దెనిమిది. కోతకు పది పోతే ఎనిమిది మిగులుతాయి. ఆ మాటే పైకి అన్నాను.

తోడు వచ్చిన మా ఆడబిడ్డ పకపకా నవ్వింది. "ముగ్గుర్ని కన్నవు, గీ కుట్లకు బుగులా? పంతులమ్మకు సూదులు గూడ లెక్కనే!"

"కన్నప్పుడు మందు లేకుండె వదినా. ఇప్పుడున్నది."

నా వంతు వచ్చింది. లోపలికి వెళ్లి బల్ల పక్కన నిలబడ్డాను, ఎక్కలేదు.

"జల్దీ ఎక్కమ్మా," అంది డాక్టరమ్మ.

"కుట్లకు ముందు సూది వేస్తనంటేనే ఎక్కుత."

"నొప్పి లేస్తె చెప్పు, వేస్తం."

"లేసినంక వేసుడు కాదు. నేను అరవను డాక్టరమ్మా. అరవకున్నా నొప్పి నొప్పే." సీసాల లెక్క మళ్లీ చెప్పాను.

ఆమె నర్సు వైపు తిరిగింది. "మూడు సీసాలున్నయా? మరి నాకెందుకు చెప్పలే?"

"ఎవలన్న బాగ ఒర్రితె కావాలెనని దాసిన అమ్మా."

నాకు వేశారు. గంటా పది నిమిషాలు నొప్పి లేదు. గడియారం చూసే చెబుతున్నాను. ఆ గంటలో చాయ్ తాగాను. నాలుగో ఆమెను ఇంకా పిలవలేదు, బెంచీ మీద ఉంటే లేచి వెళ్లి జరిగినదంతా చెప్పాను. జిన్నారం ఆమెకు కూడా ఏదైనా ఇవ్వమని అడిగితే, కుట్లు పడ్డాక ఇక నొప్పి గోలీయే అన్నారు. ఆ గోలీ పనిచేసేదాకా ఆమె మంచం పట్టె పట్టుకునే ఉంది.

"అందర్ని చెడగొడుతున్నవ్ టీచరమ్మా," అని నర్సు గొణిగింది.

"చెడగొట్టనియ్యి," అన్నాను.

నాలుగో ఆమెను పిలిచారు. తలుపు సగమే మూశారు కాబట్టి లోపలి మాట వినబడింది.

"అమ్మా, నేను ఒర్ర. అయినా కుట్లకు ముందు సూది ఎయ్యాలె. లేకుంటె నేను గూడ ఎక్క."

"ఇంకో సీసా తీయి సిస్టర్," అంది డాక్టరమ్మ.