నూనె రాసిన క్లిప్పులు

మా ఇంట్లో బట్టలారేసే తీగ మీద ఇప్పుడు ఒక్క క్లిప్పూ లేదు. గాలికి దుప్పటి వెళ్లి పక్కింటి గోడ అవతల పడితే పోయి ఏరుకొచ్చుకుంటాను. మంచిర్యాల బజారులో ఏరి ఏరి కొన్న చెక్క క్లిప్పులన్నీ గోదావరి మీద ఉన్నాయి, మా ఆయన పేరు మీద. అవి నేను చేసినవంటే మా వాడలో ఎవరూ ఒప్పుకోరు. తెలిసిన మా ఆయనా, మా అత్తా నోరు విప్పరు. నాకు నోరు ఎక్కువని ఎలాగూ పేరుంది కాబట్టి నేనే విప్పుతున్నాను.

లక్సెట్టిపేట దగ్గర, ప్రాజెక్టు కట్టాక నీళ్లు నిలిచిన ఒడ్డున ఉంటాం. చేపలు పట్టే ఇళ్లు. వల లాగుతుండగా మా ఆయన ఎడమ భుజం జారింది. కరీంనగర్‌లో డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. తడిసిన వల బరువు కాక మరేమిటి? మా చేపల సంఘం పెద్దమనిషి ఇంటికొచ్చి చాయ్ తాగి, ఇక నీళ్ల మీదికి రావద్దని, కట్ట మీది షెడ్డులో కాపలా కూర్చొమ్మని చల్లగా చెప్పి పోయాడు. ఆ షెడ్డులో కూర్చున్నవాడి మాట మా దగ్గర ఎవరూ వినరు. పడవ దిగినవాడిని మనిషిగా లెక్కపెట్టరు. మా ఆయన ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు.

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఆ చదువు మా ఇంట్లో గ్యాస్ బుక్ చేయడానికి, మీటరు రీడింగు చూడడానికి పనికొచ్చింది. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఎక్కడిదో పెద్ద చెరువు, పరాయి దేశపు మనుషులు మెల్లగా పోతున్న పడవలోంచి గాలాలు లాగుతున్న వీడియో కనిపించింది. గాలాలు పడవ వెనక లేవు. చాలా దూరంగా, పక్కకు ఉన్నాయి. ఒక్కో గాలానికి ఒక్కో చెక్క పలక. నీళ్లలో నిలువుగా మునిగి, ఏటవాలుగా కట్టిన తాడుతో, పడవ ముందుకు కదిలిన కొద్దీ పలక పక్కకు జరుగుతోంది. దారం పట్టుకుని పరిగెత్తితే గాలిపటం పైకి లేస్తుంది చూడండి, ఇది నీళ్లలో పక్కకు లేస్తుంది, అంతే తేడా.

మాకు కావలసింది అదే. మునిగిన ఊరి చెట్ల మోడుల పక్కన, లోతు తక్కువ నీళ్లలో వాలుగ చేపలు ఉంటాయి. మోటరు చప్పుడు దగ్గరికొస్తే చెదిరిపోతాయి. పలక గాలాన్ని వాటి దగ్గరికి తీసుకుపోతుంది, పడవ దూరంగానే ఉంటుంది. వల అక్కర్లేదు. ఒక్క చేత్తో మోటరు తిప్పగలిగినవాడు చాలు.

పాత తలుపు చెక్కతో పలకలు మా ఆయన కోశాడు. ఆ మాట ఒప్పుకుంటాను, పనితనం ఉన్న చెయ్యి. అసలు కష్టం పలక దగ్గర లేదు. గాలపు దారాన్ని పలకకు కట్టేస్తే చేప పడ్డాక పలకను కూడా ఈడ్చుకోవాలి, ఆ పెనుగులాటలో చేప పోతుంది. కట్టకూడదు, పట్టి ఉంచాలి. చేప గుంజగానే వదిలేయాలి. చిన్న అలకే వదిలేస్తే లాభం లేదు, వాలుగ గుంజినా వదలకపోతే అసలే లాభం లేదు. అలాంటి క్లిప్పులు వాళ్ల దేశంలో దుకాణాల్లో దొరుకుతాయట. మాకు దొరికేది బట్టల క్లిప్పు, దాన్నే పలకకు బిగించాలి.

దాని నోట్లో సైకిల్ ట్యూబు ముక్కలు పంక్చర్ సొల్యూషన్‌తో అంటించాను. ట్యూబు లోపలి వైపు తెల్లటి పొడి ఉంటుంది, జారుతుంది. ఆ వైపు చెక్కకు పోవాలి, అదీ పొడి కడిగి. పై వైపు ఆకురాయితో గరుకు చేసి దారం పట్టే చోటికి తిప్పాలి. పట్టు చాలకపోతే వెనక రబ్బరు బ్యాండు చుట్టాలి. పెరట్లో క్లిప్పుకు దారం పట్టించి, కింద నీళ్ల సీసా వేలాడదీసి చూశాను. సగం సీసాకు ఆగాలి, నిండు సీసాకు వదలాలి. మా అత్త వాకిట్లో కూర్చుని ఇది ఏం సంసారమని అడిగింది. నీ కొడుకు సంసారమేనన్నాను.

పెరట్లో నా తంతు చెవిన పడి పెద్దమనిషి ఒక్కసారి పడవలో కూర్చుని చూస్తానన్నాడు. నచ్చితే మా ఆయన నీళ్ల మీద ఉంటాడు, లేకపోతే షెడ్డు. ఆ పొద్దున మా అత్త ఒక్కపొద్దు ఉండి గంగమ్మ పూజకు అన్నీ సర్దింది. నన్ను ఎదురు రావద్దంది. సరే, ఇంట్లోనే ఉండి వంట చేశాను. కొబ్బరికాయ కొట్టారు, పడవ ముక్కుకు బొట్లు పెట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. పసుపును నువ్వుల నూనెలో కలిపి, ఏదీ తక్కువ కాకూడదని, ఒక్కో క్లిప్పు నోరు తెరిపించి లోపల వేలితో రాసింది మా అత్త. ఆమె వేలు దూరేలా ఆ నోళ్లు తెరిచి పట్టుకుంది మా ఆయన. క్లిప్పు ఎందుకు గరుకుగా ఉండాలో పెరట్లో నా పక్కన నిలబడి చూసిన మనిషి. అమ్మకు అడ్డం చెప్పలేక పట్టుకున్నాడని నాకు తర్వాత తెలిసింది.

నేను కట్ట మీదికి పోయేసరికి పడవ నీళ్ల మధ్యలో ఉంది. పలక చక్కగా పక్కకు పోయింది. నా ఛాతీ కూడా కొంచెం పొంగింది, అబద్ధమెందుకు. అంతలోనే దారం క్లిప్పులోంచి జారి, గాలం కిందికి దిగి మోడుకు తగులుకుంది. తెంపారు. మళ్లీ పట్టించారు, మళ్లీ జారింది. రెండో పలకదీ అదే వరస. పెద్దమనిషి తల తిప్పుకుని బీడీ వెలిగించుకోవడం ఒడ్డు నుంచే కనిపించింది.

పడవ దిగి ఆయన నన్ను చూడకుండా మా ఆయనతోనే మాట్లాడాడు.

"ఆడోళ్ల చెయ్యి తగిలిన గాలానికి గంగమ్మ ఎట్ల పలుకుతదిరా? నా మాటిను. షెడ్డుల కూసో."

"మామా, నిన్న నా చేతి చేపల పులుసు మారు ఏసుకొని తింటివి గదా. గంగమ్మ ఏమన్లేదా?" అన్నాను.

"కూర ఇంట్ల, గాలం నీళ్లల్ల. సదువుకున్నదానివి, నీకు ఎవలు చెప్పాలె," అని నవ్వాడు.

నేను క్లిప్పు తీసి వాసన చూశాను. నువ్వుల నూనె. ఆయన ముక్కు దగ్గర పెట్టబోయాను.

"నా చెయ్యి కాదు, గీ నూనె జారిపిచ్చింది. సూడుండ్రి."

ఆయన క్లిప్పును చూడలేదు, పూజ చేసి ఒడ్డునే ఉన్న మా అత్తను చూశాడు. "ఇంటివా, వదినె? నువ్వు ఒక్కపొద్దుండి జేసిన పూజకు తప్పు వడుతున్నది నీ కోడలు."

అంతే, వాదన అయిపోయింది. కాలేజీలో ఎన్ని వాదనలు గెలిచానో, ఇలాంటి మూలలో మాత్రం ఎప్పుడూ పడలేదు. మా అత్త పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. ఆమె మొహం చిన్నబోయింది. నేను మా ఆయన వైపు చూశాను. నిజం చెప్పడానికి ఆయనకు ఒక్క మాట చాలు. నూనె రాయడానికి నోరు తెరిచి పట్టింది నేనే అంటే అయిపోయేది.

"జర ఊకో," అన్నాడు. ఆ మాట నాతో.

ఇంటికొచ్చి ఏడుస్తానని అనుకున్నారేమో. గిన్నెల సబ్బుతో క్లిప్పులు కడిగాను. నూనె పట్టిన రబ్బరు పీకేసి కొత్తది అంటించాను. మర్నాడు మా ఆయన చెప్పాపెట్టకుండా ఆ క్లిప్పులతో ఒక్కడే పోయాడు, ఎండెక్కేసరికి చంటిపిల్లంత వాలుగను మంచి భుజాన వేసుకుని వచ్చాడు. వాడంతా కదిలింది. పెద్దమనిషీ వచ్చాడు. ఎట్లయిందని అడిగితే మా ఆయన నా వైపు చూడకుండానే జవాబు చెప్పాడు.

"పాతయి పారేసిన, మామా. నా చేత్తోని మల్ల చేసుకున్న."

పెద్దమనిషి భుజం తట్టాడు, మంచి భుజాన్నే. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ వాలుగ కూర నేనే వండాను, అందరూ తిన్నారు. ఆ రాకాసి చేపలో ముల్లు ఒక్కటైనా ఎవరికీ గుచ్చుకోలేదు.

ఇప్పుడు మా ఒడ్డున చాలా పడవలకు పలకలున్నాయి. క్లిప్పుల కోసం మా ఇంటికే వస్తారు. ఆయన అరుగు మీద కూర్చుని ట్యూబు సంగతి, గరుకు సంగతి నా మాటల్లోనే వివరిస్తాడు. లోపల కూర్చుని కత్తిరించేది నేను. అడిగితే ఆయనకు ఒకటే సమాధానం: ఎవలు చేస్తే ఏంది, ఇల్లు నడుస్తలేదా. ఇల్లు నడుస్తోంది. నేను అడిగింది ఇంటి గురించి కాదు.

ఎండకు రబ్బరు పగులుతుంది, మార్చాలి. మొన్న తన సొంత పడవ క్లిప్పులూ, ట్యూబు ముక్కా, కత్తెరా తెచ్చి నా ముందు పెట్టాడు. నేను కత్తెర ముట్టలేదు. పెద్దమనిషి ముందర ఒక్కసారి నిజం చెప్పు, ఆ తర్వాత ఇక జన్మంతా కోస్తానన్నాను.

"ఇప్పుడు చెప్తే మల్ల షెడ్డుల కూసోపెడ్తరు," అన్నాడు.

ఆ భయం అబద్ధం కాదని నాకూ తెలుసు. నీళ్ల మీద తన చోటు నిలవాలంటే నా చెయ్యి లేకుండా పోవాలి. లెక్క ఆయనకూ బాగానే వచ్చింది.

కత్తెర ఆయనే తీసుకుని అక్కడే కూర్చుని వంకరటింకరగా కోశాడు. సొల్యూషన్ రాశాడు. గరుకు చేయలేదు. ట్యూబు జారే తెల్లపొడి వైపు పైకి పెట్టి, దారం పట్టే చోటికే తిప్పి అంటించాడు. ఎన్నిసార్లు అరుగు మీద ఇతరులకు చెప్పాడో ఆ సంగతి. అన్నీ అలాగే అంటించి, గాలికి ఆరబెట్టి, బాగున్నాయా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

నేను లేచి వెళ్లి పొయ్యి మీది అన్నం దించాను. పొద్దున మోటరు చప్పుడు నీళ్ల మీద దూరమవుతుంటే విన్నాను. చెప్పలేదు.